బీడీఎస్ అయ్యాక మళ్లీ ఎంబీబీఎస్సా?

మా విభాగంలో హౌస్ సర్జన్‌గా ఉన్న ఒకమ్మాయి ఏప్రిల్ నెలంతా మధ్యాహ్నం పూట కనిపించేది కాదు. ఆరా తీస్తే లైబ్రరీలో కూర్చుని జువాలజీ చదువుతోందని తెలిసింది. ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీ! ఐదేళ్ల బీడీఎస్ ఇంకో నాలుగు నెలల్లో పూర్తవుతుంది. ఆ పిల్ల మాత్రం మేలో మళ్లీ నీట్ రాయడానికి సిద్ధమవుతోంది.

పిలిచి అడిగాను. దాచలేదు. "మాక్సిలోఫేషియల్ సర్జరీ చేద్దామనుంది సార్. రెండు డిగ్రీలూ ఉంటే ఇక తిరుగుండదు కదా" అంది. ఎవరు చెప్పారమ్మా అంటే, "మా మామయ్య కొడుకు లండన్‌లో ఉంటాడు సార్. అక్కడ రెండూ ఉండాల్సిందేనట" అంది.

ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. అక్కడ నిజంగానే రెండూ ఉండాలి. ఆ నిజాన్ని తెచ్చి ఇక్కడ పెట్టుకోవడంతోనే చిక్కు వస్తోంది. ఇలాంటి పిల్లలు ఏటా ఒకరిద్దరు నా దగ్గరికి వస్తారు. బీడీఎస్ చదువుతున్నవాళ్లు, చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు, కౌన్సెలింగ్‌లో చేతికొచ్చిన డెంటల్ సీటు వదిలేసి లాంగ్ టర్మ్‌కి వెళ్దామా అనుకుంటున్నవాళ్లు. వాళ్లందరికీ చెప్పేదే మీకూ చెబుతాను. మన దేశంలోనే ప్రాక్టీస్ చేయాలనుకునేవాళ్లలో ఎక్కువమందికి రెండో డిగ్రీ అక్కర్లేదు. 'ఎక్కువమందికి' అన్నాను, 'ఎవరికీ' అనలేదు. ఆ మిగిలినవాళ్ల సంగతికీ వస్తాను.

ముందు లెక్క చూద్దాం. బీడీఎస్ నాలుగేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది కలిపి ఐదేళ్లు. ఆ తర్వాత ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. అక్కడికే పదిన్నరేళ్లు. అప్పటికీ మీరు స్పెషలిస్టు కారు. పైన పీజీ ఇంకో మూడేళ్లు. మొత్తం పదమూడున్నర. 18 ఏళ్లకు బీడీఎస్‌లో చేరి, ఎక్కడా ఒక్క ఏడాది కూడా పోకపోతే 31 దాటాక బయటికొస్తారు. నీట్‌కో ఏడాది, పీజీ ఎంట్రన్స్‌కో ఏడాది పోవడం మామూలే కాబట్టి 33, 34 అనుకోండి. అదే బీడీఎస్ మీద ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీలో ఎండీఎస్ మూడేళ్లు చేస్తే 26 ఏళ్లకే సర్జన్. మన దేశంలో ఈ స్పెషాలిటీకి ఎంబీబీఎస్ అడగరు. బీడీఎస్, ఇంటర్న్‌షిప్, నీట్ ఎండీఎస్‌లో ర్యాంకు ఉంటే చాలు. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసినా నమ్మకం కుదరడం లేదు.

అసలు పళ్ల చదువు వేరు, ఒంటి చదువు వేరు ఎందుకయ్యాయి? ప్రపంచంలో మొదటి డెంటల్ కాలేజీ 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పెట్టారు. మెడికల్ కాలేజీలో భాగంగా కాదు, విడిగా. అప్పటి నుంచి దారులు చీలాయి. మన దగ్గర డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో మొదటి డెంటల్ కాలేజీ స్థాపించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. అప్పట్లో డాక్టర్లకో కౌన్సిల్, డెంటిస్టులకో కౌన్సిల్. కాగితం మీద గీత స్పష్టంగానే ఉంది. రోగి దగ్గరికొచ్చేసరికి ఆ గీత చెరిగిపోతుంది.

2021లో బ్లాక్ ఫంగస్ రోజులు గుర్తున్నాయా? కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బారులు తీరిన జనాన్ని టీవీల్లో చూసే ఉంటారు. చాలామందిలో ఆ జబ్బు పై దవడ నొప్పిగానో, ఉన్నట్టుండి పళ్లు కదలడంగానో మొదలైంది. వాళ్లు ముందు వెళ్లింది పళ్ల డాక్టర్ దగ్గరికే. షుగర్ అదుపు చేయడానికి ఫిజీషియన్, సైనస్‌కి ఈఎన్‌టీ, కంటికి కంటి డాక్టర్, కుళ్లిన దవడ ఎముక తీయడానికి మాక్సిలోఫేషియల్ సర్జన్. ఇంతమంది ఒకే రోగి మంచం చుట్టూ నిలబడ్డారు. ఉత్తరాంధ్ర వైపు వెళ్తే, శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు. అంగిలి మీద మచ్చలు, కొందరిలో క్యాన్సర్. అది పళ్ల జబ్బా, ఒంటి జబ్బా?

కాబట్టి రెండూ తెలిసిన మనిషి అవసరం అన్న ఆలోచనలో తప్పు లేదు. ఆ అవసరాన్ని ఒక్కో దేశం ఒక్కో రకంగా తీర్చుకుంది. బ్రిటన్‌లో ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ వైద్య స్పెషాలిటీల లెక్కలోకి వస్తుంది. డెంటల్, మెడికల్ డిగ్రీలు రెండూ ఉంటేనే ఆ శిక్షణ. జర్మనీలోనూ అంతే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లోనూ రెండూ కావాలి. అమెరికాలో మాత్రం రెండు దారులున్నాయి. డెంటల్ డిగ్రీ తర్వాత నాలుగేళ్ల రెసిడెన్సీ ఒకటి. రెసిడెన్సీలోనే ఎండీ డిగ్రీ కూడా కలిపి ఇచ్చే ఆరేళ్ల కోర్సు ఇంకొకటి. ఈ కలిపిన కోర్సును 1971లో హార్వర్డ్, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో వాల్టర్ గురాల్నిక్ మొదలుపెట్టారు. ఇందులో మీరు పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. నాలుగేళ్ల వాళ్లూ, ఆరేళ్ల వాళ్లూ చివరికి రాసేది ఒకే బోర్డు పరీక్ష. నాలుగేళ్ల సర్జన్‌ని అక్కడెవరూ సగం సర్జన్ అనరు.

ఇంకో తేడా కూడా చూడండి. నా దృష్టిలో అసలు విషయం ఇదే. బ్రిటన్‌లో డెంటిస్టు మెడిసిన్‌లో చేరితే, కొన్ని యూనివర్సిటీలు అతని పాత చదువును లెక్కలోకి తీసుకుని కోర్సు కుదిస్తాయి. అమెరికా ఆరేళ్ల కోర్సులో ఎండీ రెసిడెన్సీలోనే కలిసి ఉంటుంది. మనకు ఆ మినహాయింపు లేదు. మీరు బీడీఎస్ మొదటి ఏడాదిలో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదివారు. రెండో ఏడాది పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. మూడో ఏడాది జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ. అయినా ఎంబీబీఎస్‌లో చేరిన రోజు మీరూ, నిన్న ఇంటర్ పాసైన 18 ఏళ్ల కుర్రాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. లేటరల్ ఎంట్రీ లేదు. బ్రిడ్జ్ కోర్సు పెడతారని కొన్నేళ్ల కిందట గట్టిగానే వినిపించింది, అమలుకు రాలేదు. "వస్తుందట సార్" అని ఇప్పటికీ ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతూనే ఉంటారు. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి 2022లో తీసేశారు కాబట్టి రాయడానికి అడ్డేమీ లేదు. రాయొచ్చు కదా అని రాసేస్తున్నారు. అంతకుముందైతే వయసే అడ్డుపడేది, బాధపడి ఊరుకునేవాళ్లం.

'మనం' అన్నది ఊరికే కాదు. నేను ఎంసెట్ కాలం వాణ్ని. అప్పట్లో ఎంబీబీఎస్‌కీ బీడీఎస్‌కీ అదే పరీక్ష. మొదటిసారి ర్యాంకు రాలేదు. విజయవాడలో ఏడాది లాంగ్ టర్మ్, ఒక గదిలో ఆరుగురం. రెండోసారి కొద్దిలో ఎంబీబీఎస్ తప్పిపోయి బీడీఎస్ వచ్చింది. మా నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. మా పెదనాన్న మాత్రం, "పోన్లేరా, పళ్ల డాక్టరైనా డాక్టరే కదా" అన్నాడు. ఆ 'అయినా' అన్న మాట నన్ను ఐదేళ్లు వెంటాడింది. ఫైనలియర్‌లో నేనూ ఇంటర్ పుస్తకాలు బయటికి తీశాను. అందుకే లైబ్రరీలో ఆ అమ్మాయిని చూస్తే కోపం రాలేదు.

మీలో చాలామందికి రెండో డిగ్రీ మీద కోరిక పుట్టేది సర్జరీ మీద ఇష్టంతో కాదు. నొచ్చుకోకండి, నా అనుభవంతో చెబుతున్నాను. పెళ్లి చూపుల్లో "ఎంబీబీఎస్సా అమ్మా?" అని అడిగే అత్తల కోసం పుడుతుంది. పక్కింటి వాళ్లబ్బాయి తెల్లకోటు కోసం పుడుతుంది. మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ ఎంబీబీఎస్ అక్షరాలు పేరు పక్కన రాసుకోవడానికి వీల్లేదు, ఎవరికీ చెప్పకూడదు, చదువు మాత్రం నీదే అని ఎవరైనా అంటే, ఇంకో ఐదున్నరేళ్లు చదువుతారా? వెంటనే 'చదువుతాను' అని నోట్లోంచి వస్తే మీతో నాకు వాదన లేదు.

బీడీఎస్ కష్టాలు లేవనడం లేదు. కొత్తగా పాసైన డెంటిస్టుకు క్లినిక్‌లో ఎంత ఇస్తున్నారో మీ సీనియర్లను అడగండి. సిగ్గుపడి కాస్త పెంచే చెబుతారు. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఒక్కో వీధికి రెండు క్లినిక్‌లు. ప్రభుత్వ పోస్టులు అరుదు. సొంత క్లినిక్ అంటే కుర్చీ, ఎక్స్‌రే, అద్దె, అడ్వాన్సు. ఇదంతా నిజమే. అయితే దానికి మందు ఎంబీబీఎస్ అనుకోవడం దగ్గరే నాకు పేచీ. ఒక్క ఎంబీబీఎస్‌తో ఆగిపోయిన డాక్టర్ల పరిస్థితి ఏమైనా బంగారంలా ఉందా? దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. వాళ్లందరూ పీజీ కోసం క్యూలో ఉన్నారు. మీరు బీడీఎస్ క్యూలోంచి తప్పుకుని, అంతకంటే పొడవైన క్యూ చివర నిలబడతారు, అదీ ఐదేళ్ల ఆలస్యంగా.

నా బ్యాచ్‌మేట్ ఒకడు ఆ పని చేశాడు. బీడీఎస్ అయ్యాక ఎంబీబీఎస్‌లో చేరాడు. తెలివైనవాడు, పట్టుదల ఉన్నవాడు. లక్ష్యం మాక్సిలోఫేషియల్ సర్జరీయే. ఎంబీబీఎస్ పూర్తయ్యేసరికి ఇంట్లో పెళ్లయింది, బాబు పుట్టాడు, తండ్రి రిటైరయ్యాడు. పీజీలో ర్యాంకుకు అనస్థీషియా వచ్చింది, తీసుకున్నాడు. ఇప్పుడు మంచి అనస్థీషియా డాక్టర్, నా కేసులకు కూడా మత్తు ఇస్తాడు. దవడ కేసుల్లో గొట్టం వేయడం కష్టమైనప్పుడు అతని చెయ్యి చూడాలి, ముచ్చటేస్తుంది. బాధపడుతున్నావా అని ఓసారి అడిగాను. "ఎంబీబీఎస్ చేసినందుకు బాధ లేదురా. అంతకుముందు ఐదేళ్లు ఎందుకు చదివానా అనిపిస్తుంది" అన్నాడు. అతని బీడీఎస్ పట్టా బీరువాలో ఉంది.

అతని మాటలోనే ఒక సలహా దొరుకుతుంది. మీకు నిజంగా ఒంటి వైద్యమే కావాలనుంటే, గుండె, పొట్ట, పిల్లల జబ్బులు ఇవే మీకు ఇష్టమైతే, బీడీఎస్ మొదటి ఏడాదిలోనే తేల్చుకోండి. అప్పుడు పోయేది ఒక ఏడాది. ఐదో ఏడాదిలో తేల్చుకుంటే ఐదేళ్లు. అయితే సీటు వదిలేసే ముందు ఆ ఏటి కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో మధ్యలో మానేస్తే కట్టాల్సిన జరిమానా, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కిచ్చే షరతులు పూర్తిగా చదవండి. ఇది చదవకుండా వెళ్లి, తర్వాత సర్టిఫికెట్ల కోసం తిరిగినవాళ్లు నాకు తెలుసు.

ముఖం మీద, దవడ మీద సర్జరీయే మీ కోరికైతే ఎండీఎస్ దారి పట్టండి. ప్రమాదాల్లో విరిగిన దవడలు, గ్రహణమొర్రి, దవడ సరిచేసే ఆపరేషన్లు, కణుతులు, దవడ కీలు జబ్బులు, ఇవన్నీ ఎండీఎస్ సర్జన్లు చేస్తున్నారు. నోటి క్యాన్సర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు హెడ్ అండ్ నెక్ ఫెలోషిప్‌లున్నాయి. స్మైల్ ట్రైన్ లాంటి సంస్థల సాయంతో ఉచితంగా మొర్రి ఆపరేషన్లు జరిగే చోట పనిచేస్తే చెయ్యి తిరుగుతుంది. అక్కడ ఆపరేషనయ్యాక తల్లి బిడ్డను ఎత్తుకుని చూసే చూపు ఒకటుంటుంది. దాని కోసమైనా ఒకసారి వెళ్లి రండి.

ఇబ్బందులు దాచను. పెద్ద ఆసుపత్రుల్లో ముఖానికి గాయమైన రోగి వస్తే ముందు పిలుపు ప్లాస్టిక్ సర్జన్‌కో, ఈఎన్‌టీకో వెళ్లడం నేను చూశాను. ఐసీయూలో రోగి బీపీ పడిపోతే "మీరు డెంటల్ కదా, కాస్త పక్కకు జరగండి" అనిపించుకున్న రాత్రి ఒకటి నాకూ ఉంది. అప్పుడు నా దగ్గర ఎంబీబీఎస్ ఉంటే ఆ మాట వచ్చేది కాదు. జుట్టు మార్పిడి లాంటి వాటి మీద చర్మ వైద్యులతో మా స్పెషాలిటీకి తగాదా నడుస్తూనే ఉంది. రెండు డిగ్రీలున్న సర్జన్‌కు ఈ గొడవలు తక్కువ. ఒప్పుకుంటాను. దానికి ఐదున్నరేళ్లు చెల్లించాలా అన్నదే నా సందేహం. ఆ రాత్రి తర్వాత నేను చేసిందేమిటంటే, ఆరు నెలలపాటు వీలైనప్పుడల్లా ఐసీయూలో కూర్చుని, అక్కడి డాక్టర్ల దగ్గర అడిగి నేర్చుకున్నాను. పట్టా రాలేదు గానీ భయం పోయింది.

ఇక మిగిలింది విదేశం. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో ఇదే స్పెషాలిటీలో స్థిరపడాలనుకుంటే రెండో డిగ్రీ మాట ఆలోచించాల్సిందే. అయితే అది ఎక్కడ చేయాలో ముందు తేల్చుకోండి. ఇక్కడ రెండూ పూర్తి చేసి వెళ్లినా బ్రిటన్‌లో డెంటల్ రిజిస్ట్రేషన్‌కు ఓఆర్‌ఈ, మెడికల్ రిజిస్ట్రేషన్‌కు ప్లాబ్ లాంటి పరీక్షలు మళ్లీ దాటాలి. జర్మనీ అయితే భాష రాకుండా అడుగు పడదు. అమెరికాలో మన బీడీఎస్‌తో నేరుగా ఈ రెసిడెన్సీలో చేరడం చాలా కష్టం. ఎక్కువమంది ముందు అక్కడి డెంటల్ స్కూల్లో రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు చేస్తారు, ఆ తర్వాత సీబీఎస్‌ఈ రాస్తారు (మన స్కూల్ బోర్డు కాదు, బేసిక్ సైన్సెస్ పరీక్ష). ఆ దారిలో ఎండీ కావాలంటే ఆరేళ్ల రెసిడెన్సీలోనే వస్తుంది. అంటే అమెరికా వెళ్దామనుకునేవాళ్లు ఇక్కడ ఎంబీబీఎస్‌కు కూర్చోవడం రెండుసార్లు టికెట్ కొన్నట్టే. ఇప్పటికే అక్కడున్న మన తెలుగు డెంటిస్టులతో మాట్లాడండి. ఫీజులు, వీసా సంగతులు వాళ్లు చెప్పినంత వివరంగా ఏ కన్సల్టెన్సీ చెప్పదు.

ఇంట్లో వాళ్లతో కూడా లెక్క మాట్లాడండి. డబ్బు లెక్క ఒక్కటే కాదు. మీకు 32 ఏళ్లు వచ్చేవరకు ఇంటికి ఎవరు పెడతారు, చెల్లెలి చదువేమిటి, విద్యారుణం వడ్డీ ఎప్పటి నుంచి మొదలవుతుంది, ఇవన్నీ. అమ్మాయిలైతే "పెళ్లయ్యాక చదువుకుందువులే" అన్న మాట ఎప్పుడొస్తుందో, అప్పుడేం జవాబు చెప్పాలో ముందే అనుకుని ఉండండి. ఈ మాటలు మాట్లాడకుండా అప్లికేషన్ పెట్టేసినవాళ్లే మధ్యలో ఆగిపోతున్నారు.

ఇంతకీ మా హౌస్ సర్జన్. ఆమెతో వాదించలేదు. "నీట్ రాయి, వద్దనను. దానికంటే ముందు మూడు రాత్రులు నాతో క్యాజువాలిటీకి రా" అన్నాను. మొదటి రాత్రి ఏమీ రాలేదు, టీ తాగి కూర్చున్నాం. రెండో రాత్రి హైవే మీద బైకు పడిన కుర్రాణ్ని తీసుకొచ్చారు, కింది దవడ రెండు చోట్ల విరిగింది, హెల్మెట్ లేదు. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఆమె నాకు ఎదురుగా నిలబడింది. పళ్లకు తీగలు కట్టేటప్పుడు చివరి రెండు ఆమెనే కట్టమన్నాను. చేతులు వణికాయి గానీ బాగానే కట్టింది. బయటికొచ్చాక కుర్రాడి తల్లి ఆమె చేతులే పట్టుకుంది, నావి కాదు. పెద్ద డాక్టర్ ఆవిడే అనుకున్నట్టుంది.

మూడో రాత్రి నేను రమ్మనకుండానే వచ్చింది. "హాల్ టికెట్ వచ్చింది సార్, రాస్తాను" అంది. రాయమన్నాను. రాసింది కూడా. జూన్‌లో ఫలితం వస్తుంది. ఈలోగా మంగళవారాలు థియేటర్‌కు వస్తోంది. నిన్న చూస్తే ఆమె సంచిలో జువాలజీ పుస్తకం పక్కన నీట్ ఎండీఎస్ గైడు కూడా ఉంది. ఏది చదువుతున్నావని నేను అడగలేదు.